రెండో ఉత్తరం

ఆ ఏడు గాలివాన ముందే కొట్టింది. తోటల్లో ఆపిళ్ళు సరిగ్గా పండకుండానే రాలిపోయాయి. దెబ్బ తిన్న కాయని బజారు కొనదు. అందుకని అవన్నీ పెట్టెలకెత్తి జామ్ ఫ్యాక్టరీకి పంపారు. అక్కడ చేతులు చాలక మా వీధిలో ఇంటింటికీ పంచారు. తొక్క తీసి, గింజలు తీసి, బకెట్లలో తిరిగి ఇవ్వాలి. నాకు పెళ్ళయి అప్పటికి ఎనిమిది నెలలు.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడవారన పెట్టెలు, మధ్యలో ఉప్పునీళ్ళ బకెట్టు, దానికి అటూ ఇటూ రెండు పీటలు. ఒకదాని మీద మా అత్తయ్య, ఇంకోదాని మీద నేను. ఈగలు, చీమలు, పులిసిన వాసన. ఆ వాసన జుట్టులోకి ఎక్కి, ఎంత రుద్ది తలంటుకున్నా వదిలేది కాదు. వేళ్ళు మొదట పసుపుపచ్చగా, తర్వాత గోధుమరంగుగా, చివరికి నల్లగా అయిపోయాయి.

వెనకటి ఏళ్ళ కాయపని నించీ అత్తయ్య దగ్గర ఉన్న పనిముట్లు మూడే. వేలెడు చాకు, అరిగిపోయిన చెంచా, జానెడు ఇత్తడి గొట్టం. గొట్టం అంచుని రాతి మీద నూరి పదును పెట్టుకుంది. దాన్ని తొడిమ దగ్గర ఆనించి, అరచేత్తో ఒత్తి, అరచుట్టు తిప్పి లాగేది. గింజగూడు మొత్తం గొట్టంలోకి వచ్చేసేది. నేను లాగితే సగం గూడు కాయలోనే ఉండిపోయేది. అప్పుడు కాయని రెండు చెక్కలు చేసి చెంచాతో గీకాలి. గీకితే కండ పోతుంది. కండ పోతే అత్తయ్యకి కోపం.

"గుండె ఎక్కడుందో చూసి దింపు. నీకు నచ్చినచోట కాదు."

"పైనించి ఏం కనబడుతుంది అత్తయ్యా?"

"పైన తొడిమ గుంట, కింద బొడ్డు. ఆ రెంటినీ కలిపితే అదే దారి. కళ్ళు కాటుక పెట్టుకోవడానికే అనుకున్నావా?"

సాయంత్రం ఫ్యాక్టరీ బండాయన వచ్చేవాడు. బకెట్టు చూసేవాడు కాదు, ముందు తొక్కల కుప్ప చూసేవాడు. ఒక తొక్క తీసి వెలుగుకి పట్టేవాడు. దాని వెనక వేలు కనబడాలి. కనబడకపోతే, "కండంతా పందులకి పెడుతున్నారమ్మా, మనుషులకి కాస్త ఉంచండి" అని మర్నాటికి పెట్టెలు తగ్గించేవాడు. ఇంకో మాట కూడా మొదటిరోజే చెప్పాడు. దగ్గే మనిషి ఉన్న ఇంటికి కాయ రాదు.

మా ఇంట్లో దగ్గే మనిషి అప్పటికే లేదు. పెట్టెలు దిగడానికి పది రోజుల ముందు మా ఆడపడుచుని ఊరి బయట ఛాతీ ఆస్పత్రిలో చేర్చి వచ్చాం. పదహారేళ్ళు. ఆపిల్ ఇస్తే గింజలు కూడా నమిలేసి తొడిమ ఒక్కటే మిగిల్చేదని ఇంట్లో అందరూ ఉడుత అని పిలిచేవారు. నాకంటే మూడేళ్ళే చిన్న. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అన్నం సహించకపోతే, అత్తయ్య చూడకుండా నా కంచంలోది తను తినేసేది.

ఆస్పత్రిలో డాక్టరు గడపలోనే ఆపేశాడు. "ఇక్కణ్ణించి పేషెంటు ఒక్కతే వస్తుంది. మీరెవరూ రావద్దు. నెలకోసారి ఉత్తరం రాసి సంగతి చెబుతాం. రమ్మంటే రండి, వద్దంటే వద్దు."

"నేను తల్లిని బాబూ," అంది అత్తయ్య.

"అందుకే చెబుతున్నా. తల్లులే ఎక్కువ దగ్గరికెళ్తారు."

ఉడుత లోపలికి నడుస్తూ వెనక్కి తిరిగింది. "అమ్మా, ఈ ఏడు కాయలొస్తే వదిన చేతికి గొట్టం ఇవ్వకు. కాయల్తో పాటు వేళ్ళకి కూడా గింజలు తీస్తుంది," అంది. అని నవ్వబోయి దగ్గింది. తలుపు పడింది. ఆమెని నేను చూడటం అదే ఆఖరు.

మా వీధిలో ఎవరికీ నిజం చెప్పలేదు. పెద్దమ్మ ఇంటికి వెళ్ళిందన్నాం. చెబితే పెట్టెలు ఆగిపోతాయి.

*

నేను బడికి వెళ్ళలేదు. పుట్టింట్లో తమ్ముడి పలక మీద అక్షరాలు, గుణింతాలు దొంగతనంగా నేర్చుకున్నాను. ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి వాడు బడి మానేశాడు, నా చదువూ అక్కడే ఆగింది. ఆపిల్ పెట్టెల్లో అడుగున పాత పేపర్లు పరిచి ఉండేవి. పెట్టె ఖాళీ అవగానే ఆ పేపరు పీట పక్కన పెట్టుకుని, చేతులు పనిలో ఉండగానే కళ్ళతో కూడబలుక్కునేదాన్ని. ఒత్తు వస్తే పక్క మాటని బట్టి ఊహించి దాటేసేదాన్ని. చీకట్లో మెట్లు దిగినట్టు. చాలాసార్లు కాలు సరిగ్గానే పడేది.

ఒకరోజు అత్తయ్య పట్టుకుంది. "ఏమిటే ఆ గొణుగుడు? మంత్రాలా?"

"చదువుతున్నానత్తయ్యా."

"నీకు చదువొచ్చా?"

"వచ్చు," అన్నాను.

ఆ ఒక్క మాట మెల్లగా అనాల్సింది. కొంచెం వచ్చు అనాల్సింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. మా ఆయనకీ చదువు రాదు, గిడ్డంగిలో మూటలు మోసేవారు, జీతం కాగితం మీద వేలిముద్ర వేసేవారు. అన్నం తినేటప్పుడు అత్తయ్య ఆయనతో అంది, "ఇంకేం బెంగ లేదురా. పిల్ల సంగతి ఉత్తరం వస్తే వీధిలో ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. గుట్టు ఇంట్లోనే ఉంటుంది. మన పిల్లే చదువుతుంది."

'కోడలు పిల్ల' అనలేదు. 'మన పిల్ల' అంది. ఆ ఇంట్లో నన్ను మొదటిసారి అలా అన్నారు.

ఉత్తరం నాలుగో వారంలో వచ్చింది. పోస్టుమాను గుమ్మంలో నిలబడి ఇచ్చి వెళ్ళాడు. అత్తయ్య చేతులు కొంగుకి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, కార్డుని అంచులు పట్టుకుని నా ముందు పెట్టింది. నీలం సిరా, వంకర రాత. అచ్చు అక్షరాలు వేరు, చేతిరాత వేరు అని నాకు అప్పుడే తెలిసింది.

"అమ్మాయి పరి... పరిస్థితి... మునుపటిలాగే ఉంది. జ్వరం తగ్గలేదు. ఆదివారం... మూడు గంటలకు... చూడడానికి..."

ఆఖరి మాట దగ్గర ఆగాను. రా, వ, తర్వాత ఒత్తు. ఆ రాతలో చ, ద ఒక తల్లి కడుపున పుట్టినట్టున్నాయి. అత్తయ్య నా నోటివంక చూస్తోంది. డాక్టరు మాట నా చెవిలో ఇంకా ఉంది. ఎప్పటిలాగే ఊహించాను.

"రావద్దు," అన్నాను. "ఆదివారం చూడడానికి రావద్దు అని ఉంది అత్తయ్యా."

ఆవిడ కార్డుని వెనక్కి తిప్పి చూసింది. తర్వాత, "ఆదివారమని ఎందుకు రాశారో," అంది.

"ఆదివారాలు జనం ఎక్కువ వస్తారేమో."

"అయితే సోమవారం వెళ్తే?"

మా ఆయన అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్నారు. "వద్దని రాస్తే వద్దనే అమ్మా. మనం వెళ్ళి గొడవ చేస్తే దాన్ని మంచం మీదనించి దింపేస్తారు," అన్నారు.

అత్తయ్య కార్డుని బియ్యం డబ్బా కింద పెట్టి వచ్చి గొట్టం అందుకుంది. ఆ సాయంత్రం ఒక్క కాయ కూడా చెడగొట్టలేదు.

రెండు వారాలకి రెండోది వచ్చింది. ఇంకా నెల కాలేదు. అది ఆలోచించాల్సింది. వచ్చేసరికి బండాయన గుమ్మంలో ఉన్నాడు, తొక్క వెలుగుకి పట్టి చూస్తున్నాడు. నా రెండు చేతులూ ఉప్పునీళ్ళలో ఉన్నాయి. అత్తయ్య అతనికి వీపు పెట్టి, కార్డుని కొంగు చాటున నా కళ్ళ ముందు ఆడించింది. "త్వరగా చూడు. ఏమంటున్నారు?" అని గొంతు తగ్గించి అడిగింది.

అదే నీలం సిరా, అదే వంకర రాత. ఈసారి వరసలు ఎక్కువ, ఒత్తులు ఎక్కువ. కూడబలుక్కుంటూ కూర్చుంటే బండాయన వింటాడు. అతను వినకపోయినా, నాకు చదువు ఎంత వచ్చో ఆవిడకి తెలిసిపోతుంది. చివర మళ్ళీ ఆ మాటే కనబడింది.

"అదేనత్తయ్యా. రావద్దనే."

"పిల్ల ఎలా ఉందిట?"

"మునుపటిలాగే," అన్నాను.

బండాయన తొక్క కింద పడేసి, "ఏమిటమ్మా, మొగుడి ఉత్తరమా? మొగుడు ఇంట్లోనే ఉన్నాడుగా," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

*

తొమ్మిది రోజుల తర్వాత ఆస్పత్రి మనిషి సైకిలు మీద వచ్చాడు. లోపలికి రాలేదు. మా ఆయన్ని బయటికి పిలిచి, ఉడుత పోయిందని చెప్పాడు. ఒంటినిండా జబ్బు కనక ఇంటికి ఇవ్వరట, మగవాళ్ళు ఒకరిద్దరు వస్తే అక్కడే కానిస్తారట. మా ఆయన గిడ్డంగి నుంచి ఇద్దరిని తీసుకుని వెళ్ళారు. పొద్దుగూకేసరికి ఉత్త చేతులతో వచ్చారు. బట్టలు కూడా కాల్చేశారన్నారు.

అత్తయ్య గోడవైపు తిరిగి రెండు రోజులు పడుకుంది. మూడోరోజు లేచి పీట మీద కూర్చుంది. వీధివాళ్ళకి పెద్దమ్మ ఇంట్లో విషజ్వరం అని చెప్పాం. పెట్టెలు వస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఆవిడ నోరు ఆగలేదు. గొట్టం దింపినప్పుడల్లా ఒక తిట్టు. "తల్లిని రావద్దని రాసిన చెయ్యి పడిపోను." లాగినప్పుడల్లా ఇంకోటి. "వాడి తల్లి కూడా గుమ్మంలోనే నిలబడిపోను." ఆ డాక్టరు ముక్కు, ఆ డాక్టరు బూట్లు, ఆ డాక్టరు వంశం. ఒక్కో కాయకి ఒక్కో తిట్టు. నేను ఎదురుగా కూర్చుని, "అవునత్తయ్యా, వాళ్ళకి గుండె లేదు," అనేదాన్ని. ఆ మాట అన్నానని రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఒక మధ్యాహ్నం పెట్టె అడుగున పేపరు తీశాను. పెద్ద అక్షరాల్లో ఉంది. 'వంతెన సిద్ధం. నేటి నుంచి బళ్ళు వెళ్ళవద్దు.' చదివి నవ్వొచ్చింది. వంతెన సిద్ధమైతే బళ్ళు వెళ్ళవద్దనడం ఏమిటి, కట్టింది చూడ్డానికా అనుకున్నాను. అత్తయ్యకి చెప్పబోయాను, ఆవిడ నవ్వి చాలారోజులైంది. చెప్పే ముందు ఇంకోసారి చూశాను. అచ్చు అక్షరం కనక స్పష్టంగా ఉంది. ద కాదు. చ. కింద కూడా చ.

వెళ్ళవచ్చు.

చేతిలో కాయ ఉంది. దాని తొక్క మొత్తం తీశాను. గొట్టం దింపి గూడు లాగాను, మొత్తం ఒక్కసారే వచ్చింది. ఉప్పునీళ్ళలో వేశాను. తర్వాత లేచి, మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి వంటగదిలోకి వెళ్ళాను. బియ్యం డబ్బా కింద రెండు కార్డులూ ఉన్నాయి. మొదటిది చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. రెండోది నేల మీద కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, చివరిదాకా చదివాను. ఆ పని ఆరోజు బండాయన ముందు చేసి ఉంటే పావుగంట పట్టేది. అంతే.

మా ఆయనకి మర్నాడు చెప్పాను, నీళ్ళ కుళాయి దగ్గర, బిందె నిండుతుండగా. బిందె నిండి పొర్లిపోయింది, ఆయన కుళాయి కట్టలేదు.

"అమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఇప్పుడు తిట్టుకోవడానికి అమ్మకో డాక్టరున్నాడు. వాణ్ణి లాగేసుకుంటే ఎవర్ని తిడుతుంది? నిన్ను. నిన్ను తిట్టడం అయ్యాక? ఉత్తరం తెచ్చి నీ చేతిలో పెట్టింది తనే కదా. అక్కడికి వచ్చి ఆగుతుంది."

కుళాయి కట్టి, బిందె భుజానికెత్తుకున్నారు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "రెండోదీ అంతేనా?" అని అడిగారు.

"రెండోదీ తప్పే చదివాను," అన్నాను. ఆయనకి కూడా అంతే చెప్పాను.

*

ఆపిళ్ళు అయిపోయాయి. ఆఖరి పెట్టెల బండి వెళ్ళిన మర్నాడు అత్తయ్య చేతులు రాయిపెట్టి తోముకుంది. నలుపు పోలేదు. ఉతికిన చీర కట్టుకుని, బియ్యం డబ్బా ఎత్తి, కార్డులు రెండూ బొడ్లో దోపుకుంది.

"పద," అంది.

"ఎక్కడికత్తయ్యా?"

"ఆస్పత్రికి. ఆ రాసినవాణ్ణి ముఖాన అడగాలి. అడక్కపోతే నాకు ముద్ద దిగదు. మేం అలా రాయలేదని బుకాయిస్తారు. చదివి వినిపించడానికి నువ్వుండాలి."

మా ఆయన పనికి వెళ్ళిపోయారు. ఆపేవాళ్ళు లేరు. బస్సులో ఆవిడ కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టింది. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడోసారి, "అత్తయ్యా," అంటే, "వాంతొస్తోందా? తల బయటికి పెట్టకు, లారీలు వస్తాయి," అంది.

లోపల పొడుగు వరండా, ఫినాయిల్ వాసన, గోడవారన బల్ల. డాక్టరు వార్డుల్లో తిరుగుతున్నాడన్నారు. సన్నగా, కళ్ళ కింద నల్లగా ఉన్న నర్సు ఒకామె వచ్చింది. అత్తయ్య కార్డులు తీసి చూపించింది.

"ఇవి రాసిందెవరు?"

"నేనేనమ్మా. ఇది నా రాతే." ఆమె కార్డు వెనక అడ్రసు చూసింది. తర్వాత అత్తయ్యని చూసింది. "మీరు ఆ అమ్మాయి తల్లిగారా? మీరు రాలేదేమమ్మా?"

"రావద్దని నువ్వే రాసి, రాలేదేమని నువ్వే అడుగుతున్నావా?"

నర్సుకి అర్థం కాలేదు. అత్తయ్య ఆమె చేతిలోంచి కార్డు లాక్కుని నాకిచ్చింది.

"చదువు. గట్టిగా చదువు. అందరూ వినాలి."

వరండాలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. కార్డు నా చేతిలో ఉంది. రావద్దు అని చదివితే నర్సు కాదంటుంది. చదవకపోతే నర్సే చదువుతుంది. ఆ లెక్కంతా వేసుకున్నాను, అబద్ధం ఎందుకు. లెక్క ఎటు వేసినా ఒక్కచోటికే వచ్చింది.

"అమ్మాయి పరిస్థితి మునుపటిలాగే ఉంది. జ్వరం తగ్గలేదు. ఆదివారం మూడు గంటలకు చూడడానికి రావచ్చు."

"సరిగ్గా చదువు," అంది అత్తయ్య.

"సరిగ్గానే చదివానత్తయ్యా. రావచ్చు అనే ఉంది. ఆరోజే సరిగ్గా చదవలేదు. నాకు ఒత్తులు రావు."

ఆవిడ నన్ను చూడలేదు. కార్డునే చూస్తోంది, అందులో తనకి కూడా ఏదో కనబడుతుందన్నట్టు.

"రెండోది?"

"రెండోది చదవనే లేదు. బండాయన ఉన్నాడని, మొదటిదే మళ్ళీ చెప్పాను."

"ఇప్పుడు చదువు."

చదివాను. "అమ్మాయి రెండు ఆదివారాలు మీ కోసం కిటికీ దగ్గర కూర్చుంది. నీరసం ఎక్కువగా ఉంది. ఇక ఆదివారం దాకా ఆగనక్కరలేదు. ఏ రోజైనా రావచ్చు. అమ్మను తప్పక తీసుకురండి."

ఎక్కడా ఆగలేదు. ఆ ఉత్తరం అప్పటికి నాకు కంఠతా వచ్చు.

నర్సు నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. అత్తయ్య రెండు కార్డులూ నా చేతిలోంచి తీసుకుని బొడ్లో దోపుకుంది. నర్సుని అడిగింది, "ఏ కిటికీ?"

"రండి చూపిస్తాను. ఆ మంచం ఇప్పుడు ఖాళీగానే ఉంది."

నేనూ లేచాను. అత్తయ్య తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఉప్పునీళ్ళు అందుకోమని చెప్పేటప్పటి గొంతే.

"నువ్వు బయట కూర్చో," అంది.

మెట్ల మీద కూర్చున్నాను. ఆవిడ చాలాసేపటికి వచ్చింది. లోపల నర్సు ఏం చెప్పిందో, ఉడుత ఆ ఆదివారాలు ఏం మాట్లాడిందో, నన్ను తలుచుకుందో లేదో, ఏదీ నాకు చెప్పలేదు. తిరుగు బస్సులో ఆవిడ ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను.

అత్తయ్య ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. నేను వండిందే తింది. ఆఖరి రోజుల్లో కాళ్ళు పడిపోతే నేనే స్నానం చేయించాను. మరుసటి ఏడు ఆపిళ్ళు వస్తే గొట్టం ఎలా దింపాలో కూడా మళ్ళీ చూపించింది. నన్ను ఎవరి ముందూ ఒక్క మాట అనలేదు. ఉత్తరాల సంగతి మా ఆయనతో కూడా ఎత్తలేదని ఆయనే చెప్పారు. మన పిల్ల అని మాత్రం ఇంకెప్పుడూ అనలేదు.

నేను ఒత్తులు నేర్చుకున్నాను. చిత్తు కాగితాల కొట్లోంచి అట్టలు లేని పుస్తకాలు తెచ్చుకుని ఒకటికి రెండుసార్లు చదివాను. ఎంత వంకర చేతిరాతైనా చదవగలిగాను. ఊరికే వచ్చిన కాగితాన్ని కూడా ఇప్పటికీ మూడుసార్లు చూస్తే గాని కింద పెట్టను. కానీ ఇంటికి ఏ కాగితం వచ్చినా, మునిసిపాలిటీదైనా, చుట్టాలదైనా, ఆవిడ దాన్ని మడిచి, చెప్పులేసుకుని, పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చున్న నన్ను దాటుకుని, నాలుగు వీధుల అవతల దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి చదివించుకునేది. వర్షమైనా వెళ్ళేది. మోకాళ్ళు నొప్పులొచ్చాక కర్ర పట్టుకుని వెళ్ళేది.

తిరిగొచ్చి, ఆయాసం తీరేదాకా పీట మీద కూర్చుని, కాగితంలో ఏముందో నాకు చెప్పేది. నేను విని, "సరే అత్తయ్యా," అనేదాన్ని.